"మీ ఇష్టం సార్" అన్నాను, అంతే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ నగలు పోయాయి. మొన్న రాత్రి వాచ్‌మన్‌ని స్టేషన్‌కి తీసుకెళ్ళారు, ఇంకా తిరిగి రాలేదు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన "నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు" అని పెడితే వరసగా బొటనవేళ్ళు లేచాయి. మీరు వేలెత్తలేదు, అలాగని వద్దనీ అనలేదు. ఇప్పుడు నిద్ర పట్టక, ప్రభుత్వం చేసే చిత్రహింసకి మామూలు పౌరుడు ఎంతవరకు బాధ్యుడు అని అడుగుతున్నారు.

దానికి జవాబు పెద్దది. ముందు కింది నుంచి మూడు పేరాలు చదివి, స్టేషన్‌కి వెళ్ళి రండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను ముప్పై ఏళ్ళ పైగా జిల్లా కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూశాను. కానీ ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు ఆ అనుభవం వల్ల రాలేదు. ప్రాక్టీసు పెట్టిన నాలుగో ఏడు మా ఇంట్లో అమ్మ మూడు పేటల గొలుసు పోయింది. అనుమానం పాలు పోసే కుర్రాడి మీద. పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. సాయంత్రం స్టేషన్‌కి వెళితే ఎస్సై కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "ఊరికే అడిగితే చెప్పే రకం కాదు లాయర్ గారూ, ఏం చేయమంటారు?" అన్నాడు. టీ గ్లాసు మీద మీగడ తీస్తూ నేను అన్న మాట ఇది: "మీ ఇష్టం సార్. మాకు గొలుసు దొరికితే చాలు."

మర్నాడు మధ్యాహ్నానికి గొలుసు ఒక మార్వాడీ కొట్లో దొరికింది. కుర్రాడు నిజంగానే తీశాడు. మధ్యవర్తుల నామాలో, అంటే సాక్షుల ముందు రాసే పంచనామాలో, "ముద్దాయి స్వచ్ఛందంగా చెప్పిన మీదట" అని రాసుకున్నారు. రిమాండ్‌కి తెచ్చినప్పుడు వేరే కేసు పని మీద నేను అదే కోర్టు హాల్లో ఉన్నాను. మేజిస్ట్రేట్ గారు ఎప్పటిలాగే తలెత్తకుండా "పోలీసులు కొట్టారా?" అని అడిగారు. కుర్రాడు బోను కర్ర పట్టుకుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటున్నాడు. అరికాళ్ళు నేలకి ఆనడం లేదు. నా వైపు ఒకసారి చూసి "లేదండి" అన్నాడు. ఆయన అదే రాసుకున్నారు. పై వారం గొలుసు వాపసు ఇప్పించమని పిటిషన్ వేసింది నేనే.

ఇందులో నా మీద కేసు పెట్టాలంటే ఒక్క సెక్షన్ దొరకదు.

పెద్దవాళ్ళు చెప్పే పాత శ్లోకం ఒకటుంది. చేసినవాడు, చేయించినవాడు, పురికొల్పినవాడు, సరేనన్నవాడు, అంటే కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు, పుణ్యంలో అయినా పాపంలో అయినా ఈ నలుగురికీ సమాన వాటా అని. ఆ "సమాన" అన్న మాట నాకు నచ్చదు. లాఠీ పట్టినవాడికీ, వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాడికీ ఒకటే పాపం అంటే చివరికి ఎవరికీ శిక్ష పడదు. అందరూ దోషులే అన్నచోట అసలు దోషి గుంపులో కలిసిపోయి హాయిగా ఇంటికెళతాడు. పోలీసులే ముద్దాయిలైన కేసుల్లో డిఫెన్సు తరఫున ఈ వాదన నేనే వాడాను, "సమాజమే అలా కోరుకుంటోంది యువరానర్" అని. బాగానే పనిచేస్తుంది.

కానీ నలుగురిని విడివిడిగా పేరు పెట్టి పిలవడం మాత్రం పనికొచ్చే పద్ధతి. నేనెవరిని అని చాలా ఏళ్ళు లెక్క వేసుకున్నాను. మహా అయితే అనుమోదకుడిని, తలూపినవాడిని, అని సరిపెట్టుకున్నాను. తర్వాత ఒక పాత రిపోర్టు చదివాను. అది నన్ను ఆ వరసలో ముందుకి జరిపింది.

అది 1855లో అచ్చయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో జరుగుతున్న చిత్రహింసల మీద ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యుల కమిషన్ ఇచ్చిన రిపోర్టు. నెల్లూరు, గుంటూరు, కడప, రాజమండ్రి అన్నీ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. కొట్టేది ఎక్కువగా శిస్తు బాకీల కోసం, తర్వాత దొంగతనాలు ఒప్పించడం కోసం. ఎండలో నిలబెట్టడం, వంగోబెట్టి వీపు మీద రాళ్ళెత్తడం, తిండికీ దొడ్డికీ వెళ్ళనివ్వకపోవడం, కళ్ళలో కారం కొట్టడం, జుట్టుని గాడిద తోకకో గేదె తోకకో కట్టడం. అన్నిటికన్నా మామూలువి రెండట. ఒకటి అరవంలో కిట్టి, తెలుగులో చిరత. రెండు చెక్కల మధ్య వేళ్ళు, చెవులు, తొడలు పెట్టి ఓర్చుకోలేనంత వరకు నొక్కడం. చిరతలంటే నాకు అప్పటిదాకా భజనలో వాయించేవే తెలుసు. ఆ పేజీ చదివాక మా వీధి రామాలయంలో చిరతలు మోగితే కొన్నాళ్ళు ఒళ్ళు జలదరించేది. రెండోది అనందాల్. మనిషిని వంచి, మెడనీ కాలి బొటనవేళ్ళనీ కలిపి కట్టి అలాగే వదిలేయడం. కట్టడానికి తాడు దొరక్కపోతే అతని పైగుడ్డే చాలు. సర్కారుకి దమ్మిడీ ఖర్చు లేదు.

ఇంతకీ ఇవన్నీ చేసింది తెల్లదొరలు కాదు. తాసిల్దారు కింది బంట్రోతులు, ఊళ్ళో రెవెన్యూ నౌకర్లు. మనవాళ్ళే. కమిషన్ దాన్ని గట్టిగా పట్టుకుంది. జనం మొర అంతా సాటి దేశస్థుల క్రూరత్వం నుంచి కాపాడమనే గానీ యూరోపియన్ అధికారుల మీద కాదు అని తేల్చింది. ఎంత సుఖమైన తీర్పో చూడండి. శిస్తు ఎంత రావాలో కలెక్టరు కచేరీ చెబుతుంది. కిస్తీ తేదీకి రాకపోతే తాసిల్దారుకి మాట పడుతుంది. ఎలా వసూలు చేశావని మాత్రం ఎవరూ అడగరు. పైగా 1816 రెగ్యులేషన్ ప్రకారం ఆ తాసిల్దారే పోలీసుకీ పెద్ద. అంటే కొట్టించినవాడి దగ్గరికే వెళ్ళి కొట్టారని ఫిర్యాదు చేయాలి. మీ అధికారుల అనుభవం ఏమిటని కమిషన్ అడిగితే కొందరు ఇన్నేళ్ళ సర్వీసులో మేము వినలేదన్నారు, కొందరు అందరికీ తెలిసిన సంగతేగా అన్నారు. ఇద్దరూ ఒకే ప్రెసిడెన్సీలో పనిచేసినవాళ్ళే.

అక్కడ నాకు నా టీ గ్లాసు కనిపించింది. డబ్బు కావాలి, ఎలాగో నాకు చెప్పొద్దు. ఈస్టిండియా కంపెనీ దొర ఇంగ్లీషులో అన్నదీ నేను తెలుగులో అన్నదీ ఒకటే మాట. ఎస్సై నన్ను అడిగాడు. వద్దంటే ఆ రాత్రికి ఆగేవాడు. అడిగినప్పుడు ఆపగలిగినవాడు ఆపకపోతే అతను తలూపినవాడు కాదు, చేయించినవాడే. నేను కారయితని.

ఆ రిపోర్టు అసలు ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. గాజుల లక్ష్మీనరసు చెట్టి అని మద్రాసులో తెలుగు వర్తకుడు. నీలిమందు, బట్టల వ్యాపారం. 1844లో క్రెసెంట్ అనే పత్రిక పెట్టారు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి లండన్‌కి అర్జీలు పంపారు. 1853లో డాన్బీ సేమోర్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే వెంటబెట్టుకుని ఊళ్ళలోకి తీసుకెళ్ళి రైతుల దుస్థితి కళ్ళారా చూపించారు. సేమోర్ తిరిగి వెళ్ళాక 1854లో కామన్స్ సభలో ఆ సంగతి ఎత్తాడు. అదంతా అతిశయోక్తి అన్నవాళ్ళు ఉన్నారు. చివరికి కమిషన్ వేయక తప్పలేదు. మూడు నెలల్లో దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. కొందరు ఉత్తరాలు రాశారు, కొందరు నడిచి మద్రాసు వచ్చారు.

చెట్టి గారి వేళ్ళని ఎవరూ చెక్కల మధ్య నొక్కలేదు. ఆయన రైతు కాదు. ఆయనకి ఓటు లేదు, ఆ ప్రభుత్వాన్ని ఎన్నుకున్నదీ ఆయన కాదు, దించే వీలూ లేదు. బాధ్యత ఓటుతో వస్తుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆ లెక్కన ఆయనకి ఏ బాధ్యతా లేదు. లండన్‌లో ఓటున్నవాడికి ఉంది, వాడికి చిరత అంటే ఏమిటో తెలియదు. తెలిసినవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి తెలియదు. ఆయన చేసిన పనల్లా ఈ ఇద్దరినీ ఒక బండి ఎక్కించి ఊళ్ళోకి తీసుకెళ్ళడమే. మనకి ఆ ఇబ్బంది లేదు. ఓటూ మనదే, సంగతీ మనకి తెలుసు.

కమిషన్ తర్వాత పోలీసుని రెవెన్యూ నుంచి విడదీశారు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. 1860 శిక్షాస్మృతిలో, బలవంతంగా రాబట్టడానికి గాయపరచడం గురించిన 330 సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి శిస్తు బాకీ కోసం రెవెన్యూ అధికారి మనిషిని హింసించడం. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 120లో కూడా ఆ ఉదాహరణ అలాగే ఉంది. ఏడేళ్ళు, తీవ్రమైన గాయమైతే పదేళ్ళు శిక్ష. పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదనే నియమమూ అప్పటిదే, 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్. కానీ ఆ గోడకి ఒక కిటికీ వదిలారు. ముద్దాయి చెప్పిన దాన్నిబట్టి వస్తువు దొరికితే, ఆ వస్తువుకి సంబంధించినంత మాట సాక్ష్యంగా చెల్లుతుంది. పాత 27వ సెక్షన్. దెబ్బలన్నీ ఆ కిటికీలోంచే లోపలికి వచ్చాయి. ఒప్పుకో అని ఎవరూ కొట్టరు, సొత్తు ఎక్కడుందో చెప్పు అని కొడతారు. "రికవరీ" అన్న మాట స్టేషన్‌లో ఎలా పలుకుతారో విన్నవాళ్ళకి తెలుస్తుంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. చిత్రహింసలో ఎప్పుడూ అబద్ధమే వస్తుందనే వాదన నేను చేయను. మా గొలుసు దొరికింది. పనిచేయదు కాబట్టి తప్పు అంటే, పనిచేసిన రోజున ఒప్పయిపోతుంది. ఆ కుర్రాడు దొంగే, ఆ రాత్రి జరిగింది తప్పే. దొంగతనానికి చట్టం రాసిన శిక్షల్లో అరికాళ్ళు వాచడం లేదు.

మీరు చివర్లో బాంబు సంగతి అడిగారు. ఎక్కడో బాంబు ఉంది, టైము దగ్గర పడింది, పట్టుబడ్డవాడికి ఆ చోటు తెలుసు, అప్పుడైనా కొట్టొద్దా అని. నా సర్వీసులో అలాంటి కేసు ఒక్కటీ చూడలేదు. చూసినవన్నీ గొలుసులు, సెల్‌ఫోన్లు, మోటార్ సైకిళ్ళు, ఒకసారి గుడి హుండీ. కానీ మన హైదరాబాద్‌లోనే నిజంగా బాంబు పేలిన సందర్భం ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో. ఆ తర్వాత పాతబస్తీ నుంచి ముస్లిం కుర్రాళ్ళని పదుల సంఖ్యలో పట్టుకెళ్ళారు. ఊరి బయట తెలియని చోట్ల పెట్టి కరెంటు షాకులిచ్చారని వాళ్ళు చెప్పారు. మైనారిటీస్ కమిషన్ పంపిన అడ్వకేట్ కమిషనర్ వాళ్ళతో మాట్లాడి, ఒంటి మీద గుర్తులు చూసి, హింసించారనే రిపోర్టు ఇచ్చారు. తర్వాత వాళ్ళు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు పూర్తిగా వేరే దిక్కుకి తిరిగి వేరేవాళ్ళని పట్టుకుంది. 2018లో ఆ కేసూ కొట్టేశారు. మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం ఇరవై మంది దాకా కుర్రాళ్ళకి మనిషికి 3 లక్షల చొప్పున పరిహారం, మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది.

మసీదులో చనిపోయినవాళ్ళకి న్యాయం జరగలేదు. షాకులు తిన్నవాళ్ళకీ జరగలేదు. బాంబు కథ చెప్పేవాళ్ళు పట్టుబడ్డవాడికి అన్నీ తెలుసు అనే దగ్గర మొదలుపెడతారు. స్టేషన్‌లో ఆ సంగతి తెలిసేది ఆఖరున, అదీ తెలిస్తే.

ఆ రోజుల్లో మన బార్ రూముల్లో దీని గురించి ఏమనుకునేవాళ్ళమో రాయాలంటే సిగ్గుగా ఉంది. "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇంకా దగ్గరిది 2019 డిసెంబరు 6. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపిన పొద్దున జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాకాయలు కాల్చారు, రాఖీలు కట్టారు. అది చిత్రహింస కాదు, ఎన్‌కౌంటర్. కానీ మీ ప్రశ్నకి దానికన్నా సూటి ఉదాహరణ లేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. పూలు చల్లినవాళ్ళ గురించి ఏ కమిషనూ ఏమీ రాయదు. రాయకూడదు కూడా. అది వాళ్ళు ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన లెక్క. కానీ పై ఊళ్ళో ఎస్సై ఆ వీడియో చూశాడు. తన సర్కిల్‌లో నేరం జరిగిన రోజున జనం తననుంచి ఏం కోరతారో అతనికి అర్థమైంది. ప్రేరకుడు అంటే ఎక్కడో చీకట్లో కూర్చుని కుట్ర చేసేవాడే కానక్కర్లేదు.

మన వాటా డబ్బు రూపంలో కూడా ఉంది. ఒడిశాలో కొడుకు పోలీసుల చేతిలో పోయాడని ఒక తల్లి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1993లో సుప్రీంకోర్టు లక్షన్నర పరిహారం ఇప్పించింది. అప్పటినుంచి లాకప్ డెత్ అయితే ప్రభుత్వం చెక్కు రాస్తోంది. ఆ చెక్కు ఖజానాది, అంటే మీదీ నాదీ. చిత్రహింసకి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ఆమోదించలేదు. దానికోసం తెచ్చిన బిల్లు 2010లో లోక్‌సభ దాటి రాజ్యసభలో ఆగి మురిగిపోయింది. 2017లో లా కమిషన్ మళ్ళీ ముసాయిదా రాసిచ్చింది. ఏ ఎన్నికల సభలోనైనా దాని గురించి ఎవరైనా అడగ్గా విన్నారా? నేను వినలేదు. నేనూ అడగలేదు. మన పార్టీవాణ్ణి కొడితే ప్రజాస్వామ్యం ఖూనీ, అవతలివాణ్ణి కొడితే తగిన శాస్తి. రెండు రాష్ట్రాల్లోనూ ఇదే వరస.

పోలీసుల వైపు కూడా ఒక మాట. నాకు తెలిసిన ఎస్సైలలో కొట్టడం సరదా అయినవాళ్ళు తక్కువ. మనుషులు చాలరు, వేలిముద్రల రిపోర్టు ఎప్పటికో వస్తుంది, పైనుంచి రోజూ "కేసు ఏమైంది" అని ఫోను, కింద ఫిర్యాదుదారుల టెన్షన్. 1855 తాసిల్దారు కూడా ఇదే చెప్పేవాడు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత మహిళ చనిపోతే ఎస్సైని, కానిస్టేబుళ్ళని ఉద్యోగాల నుంచి తీసేశారు. తీసేయాల్సిందే. కానీ అలాంటి చాలా కేసుల్లో మొదటి కాగితం ఒక మామూలు మనిషి ఇచ్చిన ఫిర్యాదే. ఫిర్యాదు ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చాక ఏం జరుగుతోందని కనుక్కోకపోవడం దగ్గరే నేను తప్పిపోయాను.

ఇక మీ వాచ్‌మన్. అరెస్టు చేశారా, విచారణకి పిలిచారా అని ముందు అడగండి. అరెస్టయితే ప్రయాణం టైము పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. మొన్న రాత్రి అంటున్నారు కాబట్టి ఆ గడువు దాటిపోయింది. అరెస్టు మెమో రాసి, టైము వేసి, ఇంటివాళ్ళలో ఒకరితోనో స్థానిక పెద్దమనిషితోనో సాక్షి సంతకం పెట్టించాలి. ఇది డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు పెట్టిన నియమం. ఆ కేసు కూడా పేపర్ కటింగ్ జతచేసి ఒకాయన జడ్జికి రాసిన ఉత్తరంతోనే మొదలైంది. అరెస్టు చేయలేదంటే రాత్రంతా ఉంచుకునే అధికారం వాళ్ళకి లేదు. పంపకపోతే 15100కి ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ లాయరుని అడగండి, ఫీజు ఉండదు. స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని, ఫుటేజీ దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫలానా తేదీల ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి ఒక స్పీడ్ పోస్టు పడేయండి. ఖాళీ కాగితం మీదా, చదవని నామా మీదా సాక్షిగా సంతకం పెట్టకండి. అపార్ట్‌మెంట్ తరఫున మిమ్మల్నే అడుగుతారు.

వెళ్ళేటప్పుడు సెక్షన్లు చదివి వినిపించకండి, వాళ్ళకి మనకన్నా బాగా వచ్చు. నగలు పోయిన ఆవిడని వెంట తీసుకెళ్ళండి. ఫిర్యాదు ఆవిడది, ఆవిడ మాటకే బరువు. "ఏం చేయమంటారమ్మా" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఆవిడ పదిమంది వినేలా "నగలు దొరక్కపోయినా ఫర్వాలేదండి, అతని మీద చెయ్యి వేయొద్దు" అనాలి. దారిలోనే ఈ మాట ఆవిడతో మాట్లాడుకోండి. అక్కడికి వెళ్ళాక నోరు రాదు, నాకు తెలుసు.

వాచ్‌మన్ భార్యని కూడా తీసుకెళ్ళండి, అన్నం క్యారేజీ పట్టుకెళ్ళమనండి. క్యారేజీ ఇచ్చే మిషతో మనిషిని కళ్ళతో చూడొచ్చు. లేచి వస్తున్నాడా, ఎలా కూర్చుంటున్నాడు, పాదాలు నేలకి ఆనుతున్నాయా లేదా చూడండి.